ఓర్క్‌కి −2 పెట్టే ముందు

సూటిగా చెప్తాను. జాతిని బట్టి మంత్రశక్తిలో తేడా ఉండొచ్చు, ఉంటేనే ఆట రుచిగా ఉంటుంది. కానీ మీ ఆట కోసం రాసుకున్న జాతుల పట్టికలో ఓర్క్ పక్కన పెట్టిన −2 మాత్రం కొట్టేయండి. మనసొప్పితే ఎల్ఫ్ పక్కన ఉన్న +2 కూడా కొట్టేయండి. డ్వార్ఫ్ పక్కన రాసిన "స్పెల్స్ వేయలేడు" అన్నది ఉంచండి. ఈ మూడోది వింటే మీ స్నేహితుడు నా మీదకి పోట్లాటకి వస్తాడేమో, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈయన సొంతంగా ఒక ఫాంటసీ ప్రపంచం అల్లుకుని నలుగురు స్నేహితులతో ఆడబోతున్నారు. రూల్స్ డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. జాతులు ఐదు: మనుషులు, ఎల్ఫ్‌లు (సొగసైన, దీర్ఘాయుష్షు గల జాతి), డ్వార్ఫ్‌లు (పొట్టి, గట్టి జాతి), ఓర్క్‌లు (మొరటు యోధుల జాతి), ఈయనే కల్పించిన ఒక నదీ జాతి. ఎల్ఫ్‌కి ఇంటెలిజెన్స్ +2, ఓర్క్‌కి −2, డ్వార్ఫ్‌కి మంత్రమే లేదు. ఒక స్నేహితుడేమో "పుట్టుకను బట్టి తక్కువ చేయడమేగా ఇది" అన్నాడట. ఇంకొకడు "అందరూ ఒకటే అయితే ఇన్ని జాతులెందుకు, అందరం మనుషులుగానే ఆడేద్దాం" అన్నాడట. ఎవరిది కరెక్ట్ అని అడుగుతున్నారు.

వాళ్ళ గొడవకంటే ముందు మీ పట్టికలోనే ఒక తప్పు ఉంది, అది చూద్దాం. మీరు రాయాలనుకున్నది మంత్రశక్తి. రాసింది ఇంటెలిజెన్స్. ఈ రెండూ ఒకటి కావు. ఐదో ఎడిషన్‌లో ఇంటెలిజెన్స్‌తో స్పెల్ వేసేది ప్రధానంగా విజార్డ్, అంటే చదివి మంత్రం నేర్చినవాడు. సోర్సరర్, వార్లాక్, బార్డ్ లాంటి క్లాస్‌లు (పాత్ర చేసే వృత్తులు) కరిజ్మాతో, అంటే ఆకర్షణతో వేస్తారు. క్లెరిక్ (పూజారి), డ్రూయిడ్ విజ్‌డమ్‌తో, అంటే వివేకంతో. అంటే మీ ఓర్క్ రేపు క్లెరిక్ అయితే ఆ −2 అతని మంత్రాన్ని తాకనే తాకదు. సోర్సరర్ అయినా అంతే. ఇక్కడ సోర్సరర్ అంటేనే పుట్టుకతో మంత్రం ఒంట్లో ఉన్నవాడు! ఓర్క్‌లకి పుట్టుకతో మంత్రం తక్కువ అని చెప్పాలని కూర్చుని, ఓర్క్‌లు మొద్దులు అని రాసి లేచారు. మీ మొదటి స్నేహితుడికి మండింది అక్కడే, అతను సరిగ్గా చెప్పలేకపోయాడంతే.

ఇప్పుడు లెక్క. "రెండు పాయింట్లేగా" అనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. ఇద్దరు విజార్డ్‌లూ స్టాండర్డ్ యారేలోని (అందరికీ ఒకేలా ఇచ్చే స్కోర్ల వరసలోని) 15ని ఇంటెలిజెన్స్‌లో పెట్టారనుకోండి. ఎల్ఫ్‌కి 17, మాడిఫయర్ (స్కోర్‌ని బట్టి డైస్‌కి కలిపే అంకె) +3. ఓర్క్‌కి 13, మాడిఫయర్ +1. మొదటి లెవెల్లో అందరికీ ఉండే ప్రొఫిషియెన్సీ బోనస్ +2 కలిపితే, ఫైర్ బోల్ట్ అనే నిప్పు స్పెల్ వేసేటప్పుడు ఎల్ఫ్‌కి +5, ఓర్క్‌కి +3. ఎదురుగా గాబ్లిన్ అనే శత్రువు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15. ఇరవై ముఖాల డైస్ మీద ఎల్ఫ్‌కి 10 పడితే చాలు, ఓర్క్‌కి 12 పడాలి. 55 శాతానికి 45 శాతం. ఇది కొంచెమే అనిపించొచ్చు. కానీ 2014 రూల్స్‌లో విజార్డ్ రోజుకి సిద్ధం చేసుకునే స్పెల్స్ లెక్క ఏంటి? మాడిఫయర్ ప్లస్ లెవెల్. ఎల్ఫ్‌కి నాలుగు. ఓర్క్‌కి రెండు. సగానికి సగం. ఒకడు షీల్డ్, స్లీప్, మ్యాజిక్ మిసైల్, డిటెక్ట్ మ్యాజిక్ నాలుగూ వెంట తెచ్చుకుంటే, ఇంకొకడు వాటిలో ఏ రెండు వదిలేయాలా అని తల పట్టుకుని కూర్చుంటాడు.

లెవెల్స్ పెరిగితే సర్దుకుంటుందా? విజార్డ్‌కి స్కోర్ పెంచుకునే అవకాశం 4, 8, 12, 16, 19 లెవెల్స్‌లో వస్తుంది. ప్రతిసారీ ఇద్దరూ ఇంటెలిజెన్స్‌లోనే పెట్టుకుంటే, ఎల్ఫ్ ఎనిమిదో లెవెల్‌కి గరిష్ఠమైన 20 దగ్గర ఆగుతాడు. ఓర్క్ అక్కడికి చేరేది పదహారో లెవెల్‌కి. నా టేబుల్ మీద పదహారో లెవెల్ దాకా బతికిన క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఆట) ఒక్కటీ లేదు. ఎవరికో ఒకరికి పెళ్ళవుతుంది, లేదా ఆన్‌సైట్ వస్తుంది.

నా మొదటి టేబుల్ మూడో ఎడిషన్ నాటిది. అందులో హాఫ్ ఓర్క్‌కి బలం +2, ఇంటెలిజెన్స్ −2, కరిజ్మా −2. ఒక కుర్రాడు హాఫ్ ఓర్క్ విజార్డ్ అంటూ వచ్చాడు. రెండు పేజీల కథ రాసుకొచ్చాడు: కాలిపోయిన గ్రంథాలయంలో దొరికిన సగం పుస్తకం, అందులోని అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్న పిల్లాడు. చాలా బాగుంది. ఆట మొదలయ్యాక వాడి స్పెల్ తప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "గొడ్డలి పట్టుకోరా నువ్వు" అనేవారు. నేనూ నవ్వాను. ఆరో సెషన్‌లో వాడే కావాలని ఆ క్యారెక్టర్‌ని వంతెన మీంచి దూకించేశాడు. తర్వాతి ఆదివారం ఎల్ఫ్ విజార్డ్‌తో వచ్చాడు. ఆ ఎల్ఫ్‌కి కథ ఒక్క లైను.

నా అభ్యంతరం అదీ. −2 ఎవరినీ ఆపదు. "వద్దు" అని నోరు తెరిచి చెప్పదు. ప్రతి డైస్‌కీ కొంచెం కొంచెం కోసుకుంటూ, చివరికి ఆడేవాడే విసిగి వదిలేసేలా చేస్తుంది. వడ్డీ లాంటిది. దాంట్లోంచి కథ పుట్టదు.

"లేదు" అన్న మాట దీనికి పూర్తి వ్యతిరేకం. డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ (2009) అనే వీడియో గేమ్ ఆడినవాళ్ళకి గుర్తుంటుంది. డ్వార్ఫ్‌ని ఎంచుకుంటే మేజ్ (మాంత్రికుడు) అవడానికి వీల్లేదు, బటనే ఉండదు. కానీ ఎందుకో ఆ ప్రపంచం చెప్తుంది. మంత్రం ఫేడ్ అనే స్వప్నలోకం నుంచి వస్తుంది, డ్వార్ఫ్‌లకి ఆ లోకంతో సంబంధం లేదు, వాళ్ళకి కలలే రావు. మరి మేజ్‌లకి ప్రాణాధారమైన లిరియం ఖనిజాన్ని తవ్వి అమ్మేదెవరు? ఆ డ్వార్ఫ్‌లే. మంత్రం లేని జాతి చేతుల్లో మంత్రం వ్యాపారమంతా ఉంది. ఒక్క "లేదు" నుంచి వాళ్ళ ఆర్థికం, రాజకీయం, నిద్ర అన్నీ వచ్చాయి. డ్వార్ఫ్‌గా ఆడేవాడు ఏదో పోగొట్టుకున్నట్టు ఫీలవడు, ముందే తెలిసి ఎంచుకున్నాడు. వార్‌హామర్ అనే ఇంకో ఫాంటసీ ఆటలోనూ ఇదే పద్ధతి. డ్వార్ఫ్‌లకి మాంత్రికులు లేరు, ఆయుధాల్లో రూన్‌లు (మంత్రాక్షరాలు) చెక్కేవాళ్ళు ఉన్నారు. మనిషి మాంత్రికుడు మంత్రపు గాలుల్లో ఒక్కదానికే కట్టుబడాలి, ఎల్ఫ్ ఒకటికి మించి నేర్వగలడు.

అందుకే మీ డ్వార్ఫ్ రూల్ ఉంచమన్నాను. అయితే కారణం రాయండి, దానికి బదులుగా ఏదైనా ఇవ్వండి. 1989 నాటి రెండో ఎడిషన్‌లో ఒక మంచి ముక్క ఉంది: డ్వార్ఫ్ చేతిలో కొన్ని రకాల మంత్ర వస్తువులు 20 శాతం సార్లు మొరాయిస్తాయి, కానీ అదే మొండితనం శత్రువుల స్పెల్స్ నుంచి వాళ్ళని కాపాడుతుంది. ఒకే గుణానికి రెండు వైపులు. ఐదో ఎడిషన్‌లో కావాలంటే నోమ్ అనే పొట్టి జాతికి ఉన్న గుణాన్ని తీసుకొచ్చి డ్వార్ఫ్‌కి పెట్టండి, మంత్రం మీద ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా సేవ్‌లకి (తప్పించుకోవడానికి వేసే డైస్‌కి) అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి మంచిది తీసుకోవడం. నేను ఒకసారి అత్యాశకి పోయి "వైద్యం స్పెల్ కూడా డ్వార్ఫ్ మీద సగమే పనిచేస్తుంది" అని పెట్టాను. కాగితం మీద భలేగా ఉంది. రెండో పోరాటంలో డ్వార్ఫ్ ఆడుతున్నావిడ నా వైపు చూసిన చూపుకి ఆ రూల్ అక్కడికక్కడే చింపేశాను.

ఇక ఎల్ఫ్ అంటేనే గొప్ప మాంత్రికుడు అన్న నమ్మకం సంగతి. ఇది అనుకున్నంత పాతదేమీ కాదు, కనీసం రూల్స్‌లో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల మొదటి డీ అండ్ డీలో ఎల్ఫ్ కత్తీ మంత్రమూ రెండూ పట్టగలిగేవాడు, నిజమే. కానీ మాంత్రికుడిగా ఎనిమిదో లెవెల్ దగ్గర ఆగిపోవాలి. డ్వార్ఫ్ యోధుడు మాత్రమే, అదీ ఆరో లెవెల్ దాకా. హాబిట్‌కి నాలుగుతో సరి. హద్దు లేనిది మనిషికే. 1978 పుస్తకంలో కూడా ఎల్ఫ్ మాంత్రికుడు ఎంత తెలివైనవాడైనా పదకొండు దాటలేడు. అంటే తొలి రోజుల్లో మహామాంత్రికుడు కావాలంటే మనిషిగా పుట్టాలి! మనుషులే ఆ ప్రపంచానికి కేంద్రంగా ఉండాలన్నది గైగాక్స్ పట్టుదల. ఈ లెవెల్ హద్దులు 2000లో మూడో ఎడిషన్‌తో పోయాయి, వాటి చోట +2, −2లు పెత్తనం తీసుకున్నాయి. 2016లో వచ్చిన ఒక అనుబంధ పుస్తకంలో ఓర్క్‌కి మళ్ళీ ఇంటెలిజెన్స్ −2 పెట్టారు, 2020లో వాళ్ళే దిద్ది తీసేశారు. మీరు ఇప్పుడు తయారుచేసింది కంపెనీ వాళ్ళే వెనక్కి తీసుకున్న రూల్ అన్నమాట.

మీ రెండో స్నేహితుడి మాటకి వస్తాను. అతనిది కొట్టిపారేసే వాదన కాదు. 2020 చివర్లో టాషా పేరుతో వచ్చిన పుస్తకం జాతి బోనస్‌లు ఎక్కడికైనా మార్చుకోవచ్చు అంది. 2024 పుస్తకం వాటిని జాతి నుంచే తీసేసి బ్యాక్‌గ్రౌండ్‌కి, అంటే పాత్ర అంతకుముందు ఏం చేసేదో దానికి తగిలించింది. ఫలితం? ఇప్పుడు ఎల్ఫ్ విజార్డ్‌ల వరస పోయి సేజ్ (పండితుడు) విజార్డ్‌ల వరస వచ్చింది. సేజ్ బ్యాక్‌గ్రౌండ్‌కి ఇంటెలిజెన్స్ ఉంది, పైగా విజార్డ్ స్పెల్స్ ఇచ్చే ఫీట్ (అదనపు నేర్పు) కూడా. నావికుడి కొడుకు విజార్డ్ అవ్వాలంటే మళ్ళీ అదే వడ్డీ. రోగం మంచం మారింది అంతే. అంకెని ఎక్కడ తగిలించినా జనం దాని వెంటే పోతారు. అందుకే నేను అంకెలే వద్దంటున్నాను, తేడాలు వద్దనడం లేదు.

తేడా ఎలా ఉండాలో అదే 2014 పుస్తకంలో ఉంది చూడండి. నరక రక్తం ఉన్న టీఫ్లింగ్ అనే జాతికి పుట్టుకతో చిన్న మంత్రం ఒకటి వస్తుంది. మూడో లెవెల్లో, తనని కొట్టినవాడి మీదకి నరకాగ్ని విసిరే స్పెల్, ఐదులో చీకటి. ఇది క్లాస్‌తో సంబంధం లేకుండా అందరికీ వస్తుంది. కాబట్టి టీఫ్లింగ్ యోధుడు కూడా ఒక్కసారి నిప్పు కక్కగలడు. అక్కడ "వీళ్ళ రక్తంలో మంత్రం ఉంది" అన్నది ఆటలో కళ్ళకి కనిపిస్తుంది. +2 ఇంటెలిజెన్స్‌లో అది ఎక్కడా కనిపించదు, పాత్ర వివరాలు రాసుకునే షీట్ మీద మూలన ఒక అంకె అంతే. వీడియో గేమ్‌ల వైపు చూస్తే స్కైరిమ్‌లో (2011) హై ఎల్ఫ్‌కి మ్యాజికా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) 50 ఎక్కువ, బ్రెటన్ అనే జాతికి మంత్రాల నుంచి 25 శాతం రక్షణ. ఒకరిది విసిరే శక్తి, ఇంకొకరిది తట్టుకునే శక్తి. ఓర్క్‌తో ఆడినా వింటర్‌హోల్డ్ అనే మంత్రాల కాలేజీకి ఆర్చ్‌మేజ్ (అధిపతి) కావచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఒంటరిగా ఆడే ఆటలో తేడాలు ఎలా ఉన్నా చెల్లిపోతాయి. పక్కన ఇంకో విజార్డ్ కూర్చుని మీకంటే రెండు స్పెల్స్ ఎక్కువ వేయడు కదా.

నిజానికి ఈ విషయంలో మనకి ఎల్ఫ్‌ల కంటే మంచి సరుకు ఇంట్లోనే ఉంది. మహాభారతంలో రాక్షసుల మాయ రాత్రిపూట బలపడుతుంది. పద్నాలుగో రోజు యుద్ధం చీకటి పడ్డా ఆగకపోవడంతో ఘటోత్కచుడు చెలరేగిపోయాడు, అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రుడి శక్తిని కర్ణుడు అతని మీద వాడేయాల్సి వచ్చింది. ఎంత అందమైన గేమ్ రూలో చూడండి! రాక్షసులకి మంత్రం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నే లేదు. ఎప్పుడు అన్నది ప్రశ్న. మీ ఓర్క్‌కి ఇది అచ్చంగా సరిపోతుంది. పొద్దు గుంకాక, రోజుకి ఒకసారి, ఖర్చయిపోయిన మొదటి స్థాయి స్పెల్ స్లాట్ (స్పెల్ వేసే అవకాశం) ఒకటి తిరిగి వస్తుంది అని పెట్టండి. స్పెల్స్ వేయని ఓర్క్‌కి అదే సమయంలో ఒక సేవ్‌కి అడ్వాంటేజ్ ఇవ్వండి. చూస్తూ ఉండండి, మీ వాళ్ళు కోట మీద దాడికి రాత్రినే ఎంచుకుంటారు. శత్రువుల్లో ఓర్క్‌లుంటే పగలే పని ముగించాలని పరుగెత్తుతారు. మయుడు ఇంకో ఉదాహరణ. అసురుడు, కానీ అతని ప్రతిభ అంతా కట్టడంలో ఉంది, మయసభ అతని చేతిపనే. మీ డ్వార్ఫ్‌లకి వేరే నమూనా వెతకనక్కర్లేదు.

మొదటి స్నేహితుడి బాధ గురించి ఇంకొక్క మాట. డీ అండ్ డీ వాళ్ళు 2022లో "రేస్" అన్న మాట తీసేస్తామని ప్రకటించారు, 2024 పుస్తకంలో "స్పీషీస్" వచ్చింది. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట 2019లోనే "యాన్సెస్ట్రీ" అంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. పులి జాతి, తెలుగు జాతి, మామిడిలో మేలు జాతి, మనకి అన్నిటికీ ఒక్కటే మాట. కాబట్టి మాట మార్చి తప్పించుకోలేం, రూల్‌నే చూసుకోవాలి. రెక్కలున్న జాతి ఎగురుతుందంటే ఎవరూ నొచ్చుకోరు. "వాళ్ళకి పుట్టుకతోనే చదువు ఎక్కదు" అంటే మన టేబుళ్ళ దగ్గర ఎవరో ఒకరికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ మాట నిజంగా తమ ఇంటి గురించి విన్నవాళ్ళు ఉంటారు. ఏకలవ్యుడికి లేనిది ప్రతిభ కాదు కదా, గురువు. ఓర్క్‌లలో మాంత్రికులు అరుదు అని మీ కథకి కావాలంటే అలాగే పెట్టుకోండి: ఎల్ఫ్ పల్లెలో పదిమందికి ముగ్గురు, ఓర్క్‌లలో వెయ్యికి ఒక్కరు. కానీ ఆ ఒక్కడూ మీ ఆటగాడే అయినప్పుడు అతను ఎవరికీ తీసిపోనక్కర్లేదు. అరుదు అన్నది ఊరి లెక్క, షీట్ మీద లెక్క కాదు. అలాంటి ఓర్క్ ఊళ్ళోకి అడుగుపెడితే ఏమవుతుందో ఆలోచించండి. సగం మంది భయపడతారు, సగం మంది జబ్బు పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. సెషన్ మొత్తం అక్కడే గడిచిపోతుంది.

ఎల్ఫ్‌లు వందల ఏళ్ళు బతుకుతారు కాబట్టి మంత్రం బాగా నేర్చుకుంటారు అని కూడా రాశారు. మంచి కారణమే, కానీ జాగ్రత్త. వందేళ్ళు చదివిన ఎల్ఫూ ఇరవయ్యేళ్ళ మనిషి కుర్రాడూ ఇద్దరూ మొదటి లెవెల్లోనే మొదలవుతారు. "తాతా, ఇన్నాళ్ళూ ఏం చదివావు?" అని మీ వాళ్ళు మొదటి సెషన్‌లోనే అడుగుతారు. నా దగ్గర అడిగారు. ఆయుష్షు కారణంగా పెట్టకండి. ఎల్ఫ్ పిల్లలు మాటలు రాకముందే దీపం వెలిగిస్తారు, అందరికీ ఒక చిన్న మంత్రం ఊరికే వస్తుంది అని పెట్టి వదిలేయండి. మనుషులకి పుట్టుకతో ఏమీ ఇవ్వకండి, కానీ ఏ జాతి గురువు దగ్గరైనా ఒక చిన్న మంత్రం నేర్చుకోగలిగే వీలు వాళ్ళకే ఇవ్వండి. మనుషులు ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి దగ్గర శిష్యరికం చేస్తూ కనిపిస్తారు.

మీ నదీ జాతి ఆలోచన నాకు బాగా నచ్చింది. నీళ్ళు తాకుతున్నప్పుడే మంత్రం పనిచేస్తుందన్నది బలమైన రూల్. చిక్కల్లా ఒకటే, కథ ఎడారికి పోయిందంటే ఆ ఆటగాడు నాలుగు సెషన్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. తోలుతిత్తిలో నీళ్ళు మోసుకెళ్ళనివ్వండి, ఒక్కో స్పెల్‌కి ఒక్కో గుక్క చొప్పున ఖర్చు పెట్టండి. అప్పుడు దాహానికి తాగాలా, మంత్రానికి వాడాలా అన్న పేచీ వస్తుంది. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, వీళ్ళ ప్రాణం ఆ తిత్తిలో ఉంటుంది. శత్రువులకి ఆ సంగతి తెలిసిన రోజు మీకు మంచి సెషన్ ఖాయం.

సగం ఎల్ఫ్, సగం ఓర్క్ అయితే ఏం చేయాలని చివర్లో అడిగారు. రెండిట్లో ఒక గుణం ఎంచుకోమనండి, రెండూ ఇవ్వకండి. నేను ఒకసారి జాలిపడి రెండూ ఇచ్చాను. మూడు నెలల పాటు మిగతా ముగ్గురూ ప్రతి పోరాటం ముందు "వాడు చూసుకుంటాడులే" అని డైస్ కింద పెట్టి చాయ్ తాగారు.